నలభై ఒకటో నంబరు బిళ్ళ

"ఆ వంతెన పడిపోతుంది జాన్ బీ. నా మాట గుర్తుపెట్టుకో. ఈ నెల దాటదు."

సెప్టెంబరు మొదటి ఆదివారం, చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా నేనన్న మాట ఇది. జాన్ బీ తన గుమ్మంలో చాప పరుచుకుని చింతపండులో గింజలు తీస్తోంది. తలెత్తకుండానే నవ్వింది.

"పోయిన ఆదివారం మా ఇంటి కప్పు పడతదంటివి. అంతకుముందు ఆదివారం గేటు కాడ రెండు బండ్లు గుద్దుకుంటయంటివి. కప్పు కారుతుంది గాని పడలే. బండ్లు మంచిగనే పోతున్నయ్. ఇగ వంతెన వంతొచ్చిందా అక్కా?"

"నవ్వు, నవ్వు."

"నవ్వక ఏం జెయ్యాలె? పన్నెండు ఖంబాల ఇనుప వంతెనాయె. మీదికెల్లి మాలుబండి పోతుంటే నా కొడుకు కింద కూసోని రొట్టె తింటడంట. అసొంటిది పడతదా?"

"నవాబు మనుషులు మందు పెట్టి పేలుస్తారని చర్చిలో చెప్పుకుంటున్నారు. ఇండియా సైన్యం వస్తే ముందు వంతెనలే పోతాయట."

జాన్ బీ చేతిలోని గింజను గిన్నెలో వేసింది. ఈసారి నవ్వలేదు. "నువ్వు నోటితోని అనకు అక్కా. ఆడ నీ కొడుకొక్కడే లేడు" అంది.

మా అబ్బాయి జకర్యా, ఆమె కొడుకు షంషీర్, ఇద్దరూ రైల్వే వంతెనల గ్యాంగులో పనివాళ్ళు. సీతాఫల్‌మండిలో పట్టాల పక్కన మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. జాన్ బీ మోండా మార్కెట్టులో చింతపండు, ఎండుమిరప అమ్ముతుంది. ఆమెకూ భర్త లేడు, నాకూ లేడు. మా ఆయన వంతెనలకు రంగు వేసేవారు. ఇరవయ్యేళ్ళు ఇనుప గర్డర్లకు వేలాడి, చివరికి ఇంట్లో మంచం మీద విషజ్వరంతో పోయారు. అయినా నాకు జ్వరమంటే భయం లేదు, వంతెనలంటేనే భయం. ఎందుకని మా జకర్యా చాలాసార్లు అడిగాడు.

వాళ్ళ పని ఇద్దరు కలిసి చేసేది. ఇనుప రేకులను పట్టి ఉంచే రివెట్లు లక్షల్లో ఉంటాయట. ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో తట్టి చెవి పెట్టి వినాలి. గట్టిగా ఉన్నది ఖణేల్మంటుంది, వదులైనది డొల్లగా పలుకుతుంది. వదులైనదానికి సుద్దముక్కతో గీత పెట్టి, తర్వాత దాన్ని ఊడదీసి, కొత్తది ఎర్రగా కాల్చి కొట్టాలి. ఒకడు ఇటునుంచి కొడుతుంటే రెండోవాడు అటునుంచి బరువైన ఇనుపముక్కతో అదిమి పట్టుకోవాలి. నడుమ రేకు ఉంటుంది గనక ఒకరికొకరు కనబడరు. "షంషీర్ పట్టుకుంటే గోడకు కొట్టినట్టే ఉంటదమ్మా" అనేవాడు జకర్యా. నేను ఆ మాట విని సంతోషించాల్సింది పోయి, షంషీర్ చెయ్యి జారితే మావాడి సుత్తి ఎటు పోతుందా అని ఆలోచించేదాన్ని.

మా ఇంట్లో గోడకు ఒక బొమ్మ ఉండేది. ఎప్పటిదో పాత క్యాలెండరులోది. ఆస్ట్రేలియా దేశంలో సముద్రపు పాయ మీద కట్టిన ఉక్కు వంతెన, ఇంద్రధనుస్సులా వంగి, కింద ఓడలు. దాని మీద మనుషులు రంగు వేస్తున్నారని, ఈ కొస నుంచి ఆ కొసకు చేరేసరికి ఈ కొసలో మళ్ళీ తుప్పు పడుతుందని జకర్యా చెప్పేవాడు. "వాళ్ళకు అమ్మలున్నారా?" అని అడిగితే, "ఉంటరు. బాగ చదువుకున్న అమ్మలు" అని వెక్కిరించాడు. నేను మిషన్ స్కూల్లో అయిదో తరగతి దాకా చదివాను. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. ఆ చదువు నాకు ఎందుకు వచ్చిందా అని తర్వాత ఏడ్చాను.

ఆ సెప్టెంబరులో గ్యాంగు బెజవాడ లైను మీద, సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఏటి వంతెన కాడ ఉంది. గట్టు మీద క్యాంపు బోగీలు, అక్కడే వంట, అక్కడే పడక. పొద్దున బ్రహ్మచారి అనే మేస్త్రి ఒక చెక్క పలక బోగీ గోడకు తగిలిస్తాడు. దాని మీద మేకులకు నంబర్లు వేసిన ఇత్తడి బిళ్ళలు. వంతెన ఎక్కేవాడు తన బిళ్ళ తీసి మెడలో వేసుకోవాలి, దిగినవాడు మళ్ళీ మేకుకు తగిలించాలి. సాయంత్రం పలక మీద ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా పైనే ఉన్నట్టు. జకర్యాది నలభై ఒకటి.

ఆదివారం ఆ మాట అన్నానా, సోమవారం నిద్ర లేదు, మంగళవారం అన్నం లేదు. బుధవారం గార్డు దేవానందం గారు డ్యూటీకి పోతుంటే స్టేషను దారిలో ఆపాను. ఆయన మా చర్చి మనిషి, ఆ లైను మీదే పోతాడు.

"అయ్యా, మా అబ్బాయికి ఒక్క మాట అందించండి. అమ్మకు గుండెనొప్పి, ఆఖరి చూపుకు రమ్మందని."

ఆయన కంగారుపడ్డాడు. "ఇక్కడ నిలబడి ఉన్నారేమమ్మా మరి? ఇంటికి పోయి పడుకోండి."

చెప్పేటప్పుడు నా గుండె నిజంగానే దడదడలాడింది. అందుకని అది పూర్తి అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంటికి వచ్చి జాన్ బీకి కూడా నొప్పి అనే చెప్పాను. గుండెనొప్పి మంచి రోగం. పైకి కనబడదు.

జకర్యా శుక్రవారం వచ్చాడు. నేను మంచం మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాను. వాడు చెప్పులతోనే లోపలికి వచ్చి నా అరికాళ్ళు రెండు చేతులతో పట్టుకుని రుద్దడం మొదలుపెట్టాడు. వాడి వెనకే జాన్ బీ జావ గిన్నెతో వచ్చింది.

"సెలవు ఎట్ల దొరికింది బిడ్డా? అందరి సెలవులు బంద్ చేసిండ్రంటిరి గద" అని అడిగింది.

వాడు తల వంచుకున్నాడు. "దొరకలే ఖాలా. షంషీర్ ఇచ్చిండు."

షంషీర్ సెలవు ఎప్పుడో రాసిపెట్టి ఉందట. జాన్ బీ ఇంటి కప్పు కారుతోంది గనక, వచ్చి పెంకులు మార్చి పోదామని ఆగస్టులోనే అడిగాడు. పదో తారీకు నుంచి మంజూరయింది. ఆ తర్వాత ఇంకెవరికీ ఇవ్వలేదు. నా కబురు అందాక జకర్యా మేస్త్రి కాళ్ళు పట్టుకుంటే, ఆయన, "రిజిస్టర్ల షంషీర్ పోయినట్టు రాసుంది. షంషీరే పోవాలె. ఎవడు షంషీరో నేను చూడలే" అన్నాడట. అలా మావాడు షంషీర్ పాసు మీద బండెక్కాడు. షంషీర్ మావాడి నలభై ఒకటో నంబరు బిళ్ళ మెడలో వేసుకున్నాడు. కాగితం మీద జకర్యా వంతెన మీద, షంషీర్ ఇంట్లో.

"ఎవరికీ కనబడకుండ ఇంట్లనే ఉండమన్నడు మేస్త్రి. సోమవారం పోయి షంషీర్‌ను పంపుత ఖాలా. మూడు దినాలే."

జాన్ బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏడుపు కాదు, గర్వం. "పెంకులకేమాయె, దసరాకు మారుస్తడు. దోస్తు అమ్మ పానం మీదికొస్తే నా కొడుకు సెలవు పట్టుకోని కూసుంటడా? జావ తాగు అక్కా, చల్లారుతుంది."

నేను తాగాను. ఉప్పు సరిగ్గా పడింది. ఆ రుచి ఇప్పటికీ నాకు తెలుసు.

ఆదివారం జాన్ బీ మార్కెట్టుకు పోయాక, మంచం మీద ఉండలేక లేచి నూతి దగ్గర నుంచి రెండు బిందెలు నీళ్ళు తెచ్చాను, ఒకటి చంకన, ఒకటి నెత్తిన. జకర్యా గుమ్మంలో నిలబడి చూశాడు.

"నొప్పి ఏమైందమ్మా?"

"ప్రార్థన చేసుకున్నాను. తగ్గింది."

"ఎప్పుడు తగ్గింది?"

నేను బిందె దించాను. "అసలు వచ్చిందా?" అన్నాడు. నా మొహం చూసి వాడికి జవాబు దొరికింది. అరవలేదు. లోపలికి పోయి సంచి సర్దుకున్నాడు.

సోమవారం తెల్లారి స్టేషనుకు పోయి గంటలో తిరిగి వచ్చాడు. బెజవాడ వైపు బండ్లు ఆపేశారు. ఇండియా సైన్యం సరిహద్దు దాటింది. దాన్ని పోలీసు చర్య అంటారని తర్వాత పత్రికలో చదివాను. పోలీసులనైతే నేను ఒక్కరినీ చూడలేదు.

ఆ అయిదు రోజులూ మా ఇంటి ముందు పట్టాలు ఖాళీగా పడి ఉన్నాయి. పగలు మేకలు వాటి మీద పడుకునేవి. బండి చప్పుడు లేకపోతే గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడేదాన్ని. జాన్ బీ రోజూ రెండు పూటలా జావ తెస్తూనే ఉంది. "నువ్వు భయపడకు, నీ గుండెకు మంచిది కాదు" అనేది. కప్పు కారుతుంటే ఇంట్లో నాలుగు చోట్ల గిన్నెలు పెట్టుకుని, నాకు జావ కాచేది. నా కొడుకు ఇంట్లో ఉన్నాడు గదా అని మొదటిరోజు నాకు ఊపిరి తేలికగా ఆడిందని నేను దాచను. రెండోరోజు నుంచి ఆడలేదు.

శుక్రవారం సాయంత్రం హోటల్లో రేడియో చెప్పింది, నవాబు లొంగిపోయాడని. మర్నాడు తిరుమలగిరి దారిన సైన్యం వస్తుంటే జనం పూలు చల్లడానికి పరుగెత్తారు. జాన్ బీ ఆ రోజు మార్కెట్టుకు పోలేదు, తలుపు తీయలేదు. జిల్లాల నుంచి వచ్చిన మనుషులు ఏవేవో చెప్పారు. ఫలానా ఊళ్ళో తురకవాళ్ళ ఇళ్ళు కాలాయని, ఫలానా వాగులో శవాలు తేలాయని. ఆమె అడిగితే, "అన్నీ పుకార్లు" అన్నాను. పుకారుగానైనా రానిదాన్ని కూడా నమ్మి భయపడే నేను ఆ మాట అంటుంటే, ఆమె నా కళ్ళల్లోకి చూసింది.

తర్వాతి గురువారం స్టేషను పక్క రైల్వే ఆఫీసు గోడకు కాగితం అంటించారు. వంతెన రెండో కమాను కింద మందు పేలింది. గ్యాంగులో నలుగురి జాడ లేదు. ఈ సంగతి గుమాస్తా జీవరాజు గారు చెప్పారని వీధిలో అనుకుంటుంటే, జాన్ బీ నా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

"నువ్వు చదువుతవు గదక్కా. జెర మంచిగ చూడు. షంషీర్ పేరుందా?"

నాలుగు వరుసలు. ముందు నంబరు, తర్వాత పేరు. ఒక్కొక్క అక్షరమూ వేలు పెట్టి చదివాను. మూడో వరుసలో నలభై ఒకటి. ఎల్. జకర్యా. సాయంత్రం పలక మీద నాలుగు మేకులు ఖాళీగా ఉన్నాయన్నమాట.

"లేదు" అన్నాను.

"మల్ల చూడు."

"లేదు జాన్ బీ. షంషీర్ పేరు లేదు."

"జకర్యాది సుత లేదు గద?"

"లేదు."

మొదటిది కాగితం మీద నిజం. రెండోది ఏ కాగితం మీదా నిజం కాదు. జాన్ బీ అక్కడే, అంతమంది మగవాళ్ళ నడుమ, రెండు చేతులూ ఎత్తి అల్లాకు మొక్కింది. తిరిగి వస్తూ కోమటి కొట్లో పావుసేరు చక్కెర కొని వీధిలో కనబడిన పిల్లల నోళ్ళలో పోసింది. నా నోట్లో కూడా పోసింది.

ఇంటికి వచ్చి జకర్యాకు చెప్పాను. "లిస్టులో నీ పేరుంది" అన్నాను. వాడు నన్ను చూసి, గోడను చూసి, చొక్కా వేసుకుని గుమ్మం వైపు నడిచాడు. నేను అడ్డం పడి కాళ్ళు పట్టుకున్నాను.

"ఏమని చెబుతావు? డ్యూటీలో లేనని చెబుతావా? మందు పెట్టినవాళ్ళకు గ్యాంగులోవాళ్ళే దారి చూపించారేమోనని విచారణ చేస్తున్నారంట. మిలిటరీ వాళ్ళు నాయనా, పట్టుకుపోతారు. రెండు రోజులు ఆగు. షంషీర్ వాడే వస్తాడు, ఎక్కడో దాక్కుని ఉంటాడు."

వాడు ఆగాడు. ఎందుకు ఆగాడో నేను అడగలేదు. వాడికీ భయమే అనుకుంటాను. అయినా ఆ రెండు రోజులూ వాడు గోడ వైపు తిరిగే పడుకున్నాడు. ఆ గోడ అవతల జాన్ బీ కొడుకు కోసం ఎండుమిరపకాయల కారం దంచుతోంది.

శనివారం పొద్దున జీవరాజు గారు మా ఇంటికి వచ్చారు. జకర్యా వెనకగదిలోకి పోయాడు. జీవరాజు గారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"అమ్మా, ఆశ వదులుకోవద్దు. సోమవారం ఇంజనీరు గారి బండి వంతెన దాకా పోతుంది. ఏటి దిగువన ఉన్న ఊళ్ళలో, ఆస్పత్రిలో, మిలిటరీ వాళ్ళు పట్టుకున్నవాళ్ళ క్యాంపులో, అన్నిచోట్లా వెతుకుతారు. మాట్లాడే స్థితిలో లేనివాళ్ళు కూడా ఉండొచ్చు గదా. అందుకని నలుగురి గుర్తులూ రాసుకురమ్మన్నారు." చేతిసంచిలోంచి నోటుబుక్కు, పెన్సిలు తీశారు. "చెప్పండి. నలభై ఒకటి. ఎత్తు ఎంతుంటాడు?"

వెనకగది తలుపు ఓరగా వేసి ఉంది.

ఇప్పుడు చెప్పాలి. జీవరాజు గారూ, నలభై ఒకటి మా వాడు కాదు, వాడు ఆ గదిలో ఉన్నాడు, మీరు వెతకాల్సింది ఇంకొకరిని, అని చెప్పాలి. నోరు తెరిచాను. తలుపు సందులోంచి నా కొడుకు పాదం కనబడింది. దాని మీద ఇనుప సంకెల కనబడింది. అక్కడ లేని సంకెల. నాకు అలాంటివి కనబడతాయి.

"అయిదడుగుల ఆరంగుళాలు" అన్నాను.

"పుట్టుమచ్చలు?"

"ఎడమ చెవి కింద ఒకటి."

"ఇంకా?"

"కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. సుత్తి దెబ్బ."

ఆయన అన్నీ రాసుకున్నారు. నేను చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం లేదు. అన్నీ నా కొడుకు గుర్తులే. షంషీర్ వాడికన్నా జానెడు పొడుగు. ఏ ఆస్పత్రి మంచం మీదో, ఏ క్యాంపు ముళ్ళకంచె వెనకో వాడుంటే, జీవరాజు గారి నోటుబుక్కు పట్టుకున్న మనిషి వాణ్ణి దాటుకుని ముందుకు పోతాడు. వీడు కాదు, అంటాడు.

"ప్రార్థన చేద్దామా అమ్మా?" అన్నారు జీవరాజు గారు. చేశారు. మా జకర్యాను ప్రభువు కాపాడాలని చేశారు. నేను ఆమెన్ అన్నాను.

ఆయన వీధి మలుపు తిరిగాక జకర్యా బయటికి వచ్చాడు. నావైపు చూడలేదు. పెరట్లో ఉన్న నిచ్చెన భుజానికెత్తుకుని, పట్టపగలు, వీధిలోంచి నడిచి, జాన్ బీ ఇంటి గోడకు వేసి పైకెక్కాడు. పగిలిన పెంకులు ఒక్కొక్కటే తీసి కింద పెడుతున్నాడు. ఎదురింటి దేవమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏందీ, జకర్యా గాదూ? ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?" అని అరిచింది. వాడు, "పదో తారీకునాడే వచ్చిన అత్తా" అని అందరికీ వినబడేలా చెప్పాడు.

అప్పుడు నాకు తెలిసింది, ఇంక దాచడానికి నా చేతిలో ఏమీ లేదని. అయినా చెప్పాల్సిన మనిషికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం జాన్ బీ మార్కెట్టు నుంచి వచ్చింది. నెత్తిమీద బుట్టతోనే తలెత్తి చూసింది.

"అరే, దిగు! ఎవలన్న చూస్తే మేస్త్రికి తక్లీఫ్ అయితది. నా కొడుకు వచ్చి చేసుకుంటడు గద!"

వాడు ఇంకో పెంకు తీశాడు. ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయి, చాప పరిచి, చింతపండు ముందు పోసుకుంది. నేను ఆమె గుమ్మంలోకి పోయి నిలబడ్డాను.

"కూసో అక్కా. నొప్పి ఎట్లుంది?"

"నొప్పి లేదు" అన్నాను. "ఎప్పుడూ లేదు."

ఆమె గింజ తీస్తూనే ఉంది.

కూర్చోకుండా చెప్పాను. దేవానందం గారితో చెప్పిన మాట చెప్పాను. జావ తాగిన మాట చెప్పాను. బిళ్ళల సంగతి, పలక సంగతి, పైకి ఎక్కినవాడి పేరు కాదు, మెడలో ఉన్న నంబరు పేరే కాగితానికి ఎక్కుతుందన్న సంగతి చెప్పాను. లిస్టులో మూడో వరుస చెప్పాను. "అక్కడ నా కొడుకు పేరుంది జాన్ బీ. కానీ నా కొడుకు నీ కప్పు మీద ఉన్నాడు" అన్నాను. చివరికి, పొద్దున జీవరాజు గారికి చెప్పిన గుర్తులు కూడా చెప్పాను. అది చెప్పకపోయినా ఆమెకు తెలిసేది కాదేమో. చెప్పాను.

జాన్ బీ చెయ్యి ఆగలేదు. పండు చీల్చడం, గింజ తీయడం, గిన్నెలో వేయడం. నేను తిడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను, పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. నిండిన గిన్నెను పక్కకు జరిపింది. చేతికి అంటుకున్న పులుపును చీర చెంగుకు తుడుచుకుంది.

"రోజుకు రెండుపూటల జావ కాచిన" అంది.

"అవును."

"చక్కెర పంచిన."

నేను తల వంచుకున్నాను.

"ఎవలన్న ఆపి, నీ పేరేందిరా అంటే ఏం చెప్పిండో" అంది. అది నాతో అన్నమాట కాదు. "మెడల బిళ్ళ ఒకటి. నోటిల పేరు ఒకటి. ఏ పేరు చెప్పిండో, ఏ పేరు చెప్పితే వదిలిండ్రో, ఏది చెప్పితే..." ఆ మాట అక్కడ ఆపేసింది. గొంతు మార్చి, లెక్క అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "నా కొడుకు ఎడమ మోకాలి మీద కాలిన మచ్చ ఉంటది. చిన్నప్పుడు కుంపటి మీద పడ్డడు. ముందు పన్ను ఒకటి సగం విరిగింది. నిద్రల సుత కుడిచెయ్యి తల కింద పెట్టుకుంటడు. రాసుకున్నోడు ఇవి రాసుకోవాలె."

"రాయిస్తాను. ఇప్పుడే పోయి జీవరాజు గారికి..."

"కాగితం నేను నమ్మ అక్కా." ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. "కాగితం నా కొడుకును ఇంట్ల కూసోపెట్టింది, నీ కొడుకును ఏట్ల వేసింది. నాకు కాగితం వద్దు. సోమవారం ఆ బండ్ల ఒక మనిషి పోవాలె. నా కొడుకును చూస్తె గుర్తుపట్టెటోడు. మొహం పాడైనా, చెయ్యి చూసి చెప్పెటోడు. మేస్త్రి ఏడున్నడో ఎవలకు తెల్వదు. ఇంకెవలున్నరు? నువ్వే చెప్పు. పంపుతవా?"

పైన పెంకుల చప్పుడు ఆగిపోయింది. కప్పుకు పెంకు తీసిన చోట నలుచదరంగా వెలుతురు పడుతోంది, ఆ వెలుతురులో వాడి నీడ కదలకుండా ఉంది. వింటున్నాడు. వాడే దిగివచ్చి, పోతానని అంటాడేమోనని చూశాను. నా కాళ్ళు పట్టుకునైనా అంటాడేమోనని చూశాను. అంటే నేను వద్దనేదాన్ని, నా వద్దనడం నాకుండేది, వాడి పోవడం వాడికుండేది. వాడు అనలేదు. ఆమె అడిగింది నన్ను.

క్యాంపు ముళ్ళకంచె కనబడింది నాకు. తుపాకీ పట్టుకున్న మనిషి కనబడ్డాడు. డ్యూటీలో లేనివాడివి ఏ మొహం పెట్టుకుని వచ్చావురా అని అడిగే ఆఫీసరు కనబడ్డాడు. విరిగిన కమాను కింద నీళ్ళల్లోకి వంగి చూస్తున్న నా కొడుకు కనబడ్డాడు, వాడి కాలు జారడం కనబడింది. ఆ తర్వాత కనబడాల్సినవన్నీ వరసగా కనబడ్డాయి. ఒక మాలుబండి మా ఇళ్ళ పక్కనుంచి పోయింది, గోడకున్న సున్నం రాలింది. అది పోయి, చప్పుడంతా సద్దుమణిగాక కూడా జాన్ బీ నా వైపే చూస్తోంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను.

"జకర్యా పోతాడు" అన్నాను. "వాడి పేరుతోనే పోతాడు. నేనే స్టేషనుకు తీసుకుపోయి అప్పజెబుతాను."